దీపావళి పొయ్యి మీద ఐవరీ కోస్ట్ కోకో

నేను ఇంతకాలం ఏమీ రాయకపోవడానికి కారణం చిన్నదే. నాకు అక్షరాలు వచ్చేవి కావు. మా పశ్చిమ గోదావరి మెట్ట ప్రాంతంలో పిల్లలు బడికి వెళ్ళే వేళకే పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పని మొదలయ్యేది. పచ్చి ఆకును కర్రలకు అల్లడానికి చిన్న చేతులైతే చురుగ్గా ఉంటాయని మమ్మల్ని పిలిచేవారు. సాయంత్రానికి వేళ్ళకు పొగాకు జిగురు నల్లగా పట్టేది. ఆ చేతుల్తో పలక పట్టుకోవాలని నాకూ అనిపించలేదు, పట్టుకోమని ఎవరూ అనలేదు. పెళ్ళయ్యాక కొబ్బరి తోట కౌలు, తర్వాత ఆ కొబ్బరి నీడలోనే కోకో. కూతుర్ని మాత్రం చదివించాం. నాకు చదువు లేకపోవడం గురించి బాధపడే తీరిక ఉండేది కాదు.

మా ఆయన పోయాక కూతురు నన్ను అమెరికాలోని మోరిస్‌విల్‌కు తెచ్చుకుంది. ఆమె ఆఫీసు పని కాక శనివారాలు తెలుగు బడిలో పిల్లలకు పాఠం చెబుతుంది. నన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదలడం ఇష్టం లేక వెంట తీసుకెళ్ళేది. నేను వెనక బల్ల మీద కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. ఒక రోజు నా పక్కనున్న పాప తన పెన్సిల్ నా చేతిలో పెట్టి, "అమ్మమ్మా, నువ్వు కూడా రాయి. ఊరికే కూర్చుంటే టీచర్‌కి కోపం వస్తది" అంది. ఆ టీచర్ నా కూతురే. నవ్వు ఆపుకుని రాశాను. అలా అమెరికాలో, ఆరేళ్ళ పిల్లల మధ్య నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. వాళ్ళు నన్ను తోటిపిల్లలాగే చూశారు. నా 'ళ' వంకరగా ఉందని ఎగతాళి చేశారు, నాకు ముందుగా వస్తే అసూయపడ్డారు.

తెలుగు వచ్చాక ధైర్యం వచ్చింది. లైబ్రరీలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే క్లాసులో చేరాను. అక్కడే ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ దేశపు అమ్మాయి ఒకామె పరిచయమైంది. అమ్మాయంటే నలభై దాటిన మనిషే. ఒక హోటల్లో గదులు సర్దే పని చేసేది. వాళ్ళ దేశంలో చదువు ఫ్రెంచిలో సాగుతుందట, అందుకని ఇంగ్లీషులో నాకూ ఆమెకూ పెద్ద తేడా ఉండేది కాదు. ఇద్దరం చేతుల్తో ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం. ఆమె నన్ను 'తాంతీ' అని పిలిచేది. వాళ్ళ వైపు పెద్దవయసు ఆడవాళ్ళను అలా పిలుస్తారట. మా పిల్లలు ఇక్కడ కనిపించిన పెద్దవాళ్ళందరినీ ఆంటీ అన్నట్టే.

ఒకనాడు క్లాసులో మా టీచరు, మీ ఊరి పని గురించి నాలుగు మాటలు చెప్పమంది. ఆ అమ్మాయి మాటల కోసం వెతుక్కుని, చివరికి ఫోన్ తీసి వీడియో చూపించింది. వాళ్ళమ్మ నేల మీద కూర్చుని పసుప్పచ్చ కాయలను కత్తితో కొట్టి తెరుస్తోంది. లోపల తెల్లటి గుజ్జులో గింజలు. పక్కన అరటాకుల మీద పోసిన కుప్ప.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "కోకో! మై కోకో!" అన్నాను. ఇంకేం చెప్పాలో రాలేదు. కత్తిపెట్టి కొట్టకుండా మేం కర్రతో ఎలా కొడతామో, గింజలను ఎలా లాగుతామో, అరటాకులు కప్పి ఎలా పులియబెడతామో అన్నీ అక్కడే చేతుల్తో చేసి చూపించాను. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముక్కు మూసుకుని, పులిసిన గింజల వాసన గుర్తుచేసింది. నేను కూడా ముక్కు మూసుకున్నాను. క్లాసులో మిగతావాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. మాకు మాత్రం ఇంకెవరూ చెప్పనక్కర్లేనంత అర్థమైంది.

తర్వాతి ఆదివారం ఆమె నన్నూ మా అమ్మాయినీ ఒక చోటుకు తీసుకెళ్ళింది. కారు టైర్లు మార్చే షాపు పక్కన చిన్న గది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసిన ఒక అమెరికా ఆయన అందులో సొంతంగా చాక్లెట్ తయారుచేస్తాడు. గింజల బస్తాలు, వేయించే యంత్రం, తిరిగే రాతి గ్రైండరు. ఆ గ్రైండర్ మన ఇడ్లీపిండి గ్రైండరే, మన దేశంలో తయారైనదేనట. దాన్ని చూసి నాకు సొంత ఇంట్లో ఉన్నట్టయింది. ఆయన ఒక చాక్లెట్ బార్ తీసి చూపించాడు. కాగితం మీద ఈ అమ్మాయి వాళ్ళ ఊరి రైతుల సంఘం పేరుంది. ఆ సంఘంలో ఆడవాళ్ళ గింజలను విడిగా కొనేది ఈయనొక్కడేనట.

దాని మీద ఇంకో గుర్తు ఉంటే ఏమిటని అడిగాను. మా అమ్మాయి చెప్పింది.

"ఫెయిర్ ట్రేడ్ అంటారమ్మా దీన్ని. బయట గింజల రేటు ఎంత పడిపోయినా రైతుకి ఒక హద్దు కన్నా తక్కువ ఇవ్వకూడదు. అది కాక ఇంకొంత సంఘానికి ఇస్తారు. దాంతో ఏం చేసుకోవాలో ఊళ్ళోవాళ్ళే కూర్చుని తేల్చుకుంటారు."

"మరి మనకెవరూ ఇట్టా ఇవ్వలేదేంటే?"

"మనకి సంఘమెక్కడుంది? నువ్వూ నాన్నా వచ్చినోడికి తూచి ఇచ్చేశారు."

నిజమే. మోటారుసైకిలు మీద ఒకతను వచ్చి, గింజ కొరికి చూసి, రేటు చెప్పి పట్టుకుపోయేవాడు. ఆ గింజ ఎక్కడికి పోయిందో, ఏమైందో నేను ఏనాడూ అడగలేదు. ఇక్కడ గింజ ఎవరిదో కాగితం మీద రాసి ఉంది. రాసి ఉందని నేనే చదివాను.

కిందటిసారి వచ్చిన సొమ్ముతో వాళ్ళ సంఘం గింజలు ఎండబెట్టడానికి సిమెంటు కళ్ళం వేసుకుందట. ఈసారి ఆడవాళ్ళంతా మంచినీళ్ళ బోరు వేయించాలని తీర్మానించుకున్నారు. వాళ్ళమ్మ ఇప్పటికీ దూరం నుంచి నీళ్ళు మోస్తోంది. కానీ ఆ చాక్లెట్ ఆయన తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"మ్యామ్, నాకూ అవే గింజలు తెప్పించాలని ఉంది. కిందటేటి బార్లే ఇంకా షెల్ఫ్‌లో ఉన్నాయి. ఈ నెలలో ఆర్డర్ పెట్టాలి. ఇలాగే ఉంటే ఇంకో చోట చౌకగా దొరికేవి తెచ్చుకోవాల్సి వస్తుంది" అన్నాడు. మా అమ్మాయి తెలుగులో చెప్పేలోపే ఆ ఐవరీ కోస్ట్ అమ్మాయి మొహం చూసి నాకు తెలిసిపోయింది.

నేను ఆలోచించకుండానే అనేశాను. "మా తెలుగు బడి ఉంది. దీపావళి వస్తోంది. మాట్లాడతాను."

దారిలో మా అమ్మాయి, "అమ్మా, ఎవర్నడిగి మాటిచ్చేశావే?" అంది. ఎవర్నీ అడగలేదు. అడిగితే ఇవ్వలేనని తెలుసు.

మా తెలుగు బడి దీపావళికి ఒక మిడిల్ స్కూల్ అద్దెకు తీసుకుని పండగ చేస్తుంది. వచ్చిన ప్రతి ఇంటికీ ఒక సంచి ఇస్తారు. అందులో ఒక ప్రమిద, ఒక స్వీటు, పెద్ద స్టోర్‌లో కొన్న చాక్లెట్లు. అది అయిన నెలకే ఇండియా ప్రయాణాలు. ఒక్కో సూట్‌కేసులో సగం చాక్లెట్లే. ఆడపడుచు పిల్లలకు, పక్కింటివాళ్ళకు, బ్యాంకులో పని చేసిపెట్టిన మనిషికి, అందరికీ గుప్పెడు చొప్పున పంచాలి కదా. మా ఊరికి చాక్లెట్లు తీసుకెళ్ళే తెలుగువాళ్ళలో ఆ గింజ మా ఊళ్ళోనే పండుతుందని తెలిసినవాళ్ళు తక్కువ.

కమిటీలో ఇద్దరు ముఖ్యులు. ఒకామె వరంగల్ అమ్మాయి, చకచకా పనులు తెముల్చుతుంది. ఇంకొకాయన చాలాకాలం కిందట వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ డాక్టరు. ఆయన చాక్లెట్ బార్ ఒకటి తీసుకెళ్ళి, ఒక్కో ముక్క విరిచి ఇద్దరికీ ఇచ్చాను.

వరంగల్ అమ్మాయి కళ్ళు చికిలించింది. "ఏంది ఆంటీ, గింత చేదు! మా పిల్లలు తింటరా? కాస్ట్ కూడా ఎక్కువనే కదా."

"మంచి పని కోసమమ్మా. అక్కడ ఆడవాళ్ళు బోరు వేయించుకుంటున్నారు."

"మంచిదే ఆంటీ, కాదంటలేను. కానీ చేదుదిస్తే పేరెంట్స్ నన్నే తిడతరు. వాట్సాప్ గ్రూప్‌ల మీరుండరు, నేనుంటా."

డాక్టరు గారు ముక్క నములుతూనే ఉన్నారు. "చెల్లెమ్మా, నాకు నచ్చింది. కానీ నా నోటిని నమ్మకు, షుగర్ వచ్చినప్పటి నుంచి ఏదైనా నచ్చుతోంది. పండగ రోజు ఒక స్టాల్ పెట్టుకో. జనం తిని బాగుందంటే సంక్రాంతికి ఇచ్చే సంచుల్లోనూ ఇదే పెడదాం, ఇండియా వెళ్ళేవాళ్ళకు ఆర్డర్లూ తీసుకుందాం. లేదంటే ఎప్పటిలాగే."

వరంగల్ అమ్మాయి సరేనంది. "డాక్టర్ అంకుల్ సేఫ్ ఆట ఆడిన్రు" అని నవ్వింది కూడా. అంటే అంతా ఆ ఒక్క రోజు మీదే ఉంది.

పిల్లలకు చేదు తెలియకుండా చేయాలంటే ఏం చేయాలా అని ఆలోచించాను. వేరుశనగ పప్పులు దోరగా వేయించి, బెల్లంతో ఉండలు కట్టి, వాటిని కరిగించిన చాక్లెట్లో ముంచి ఆరబెడితే బాగుంటుందనుకున్నాను. ఉండలు ముందురోజే ఇంట్లో చేసేశాం. చాక్లెట్ మాత్రం అక్కడే, జనం ముందే కరిగించి ముంచాలని నా కోరిక. చాక్లెట్ ఆయన బార్లన్నీ ఇచ్చేశాడు. బోర్డు నేనే రాశాను. అట్ట మీద మార్కర్‌తో, తెలుగులో. "ఈ కోకో గింజలు ఐవరీ కోస్ట్‌లో ఒక ఊరి ఆడవాళ్ళు పండించారు. వాళ్ళకు న్యాయమైన ధర ఇచ్చి కొన్నారు." రెండు వాక్యాలే. మూడు అట్టలు పాడుచేసి నాలుగోదాని మీద నాకు నచ్చేలా రాశాను.

పండగ రోజు పొద్దున స్కూల్ క్యాంటీన్‌లో ఒక మూల మాకు ఇండక్షన్ పొయ్యి ఇచ్చారు. పక్క పొయ్యి మీద టీ కోసం పెద్ద గిన్నెలో పాలు కాగుతున్నాయి. ఐవరీ కోస్ట్ అమ్మాయి హోటల్లో సెలవు పెట్టి, ఎర్రటి పూల గుడ్డ తలకు చుట్టుకుని వచ్చింది. నేను నీళ్ళతో గిన్నె తొలిచాను, గరిటె తొలిచాను, పొయ్యి మీద పెట్టాను. బార్లన్నీ విరిచి వేశాను.

అవి కరుగుతూ కరుగుతూ ఒక్కసారిగా బిగుసుకున్నాయి. నిగనిగలాడాల్సిన చాక్లెట్ ఎండిపోయిన అలుకు మట్టిలా ముద్దకట్టింది. కలిపేకొద్దీ ఇంకా రవ్వరవ్వగా అయింది. గరిటెకు అంటుకుని ఉండగా లేచింది.

"ఏం చేశావమ్మా?" అని మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేశానే? కరగబెట్టాను."

ఆమె ఫోన్‌లో ఏదో వెతికింది. "గిన్నె తడిగా ఉందా?"

"ఉండదా? తొలిచాను కదా."

"శుభ్రంగా ఉన్న గిన్నె ఎందుకు తొలిచావు?"

"తొలవకుండా పొయ్యి మీద ఎవరైనా పెడతారా? మీ అత్తగారిని అడుగు, మీ అమ్మమ్మను అడుగు!"

అప్పుడు తెలిసింది. కరిగే చాక్లెట్‌కు నాలుగు నీటి చుక్కలు తగిలినా అది బిగుసుకుపోతుందట. కోకో కాయ కొట్టాను, గింజ పులియబెట్టాను, ఎండబెట్టాను. చాక్లెట్ మాత్రం జీవితంలో ఎప్పుడూ వండలేదు. ఉన్న బార్లన్నీ ఆ గిన్నెలోనే ఉన్నాయి. ఐవరీ కోస్ట్ అమ్మాయి గిన్నెలోకి తొంగి చూసింది. తలగుడ్డ అంచు వేళ్ళతో సర్దుకుంటూ అటు తిరిగింది. బయట కార్లు వచ్చి ఆగుతున్నాయి.

మా అమ్మాయి ఇంకా చదువుతూనే ఉంది. "అమ్మా, ఆగు. కొంచెం తడి తగిలితేనే బిగుసుకుంటుందట. ఇంకా ఎక్కువ పోస్తే మళ్ళీ విడిపోతుందట. కానీ ఇక ముంచడానికి పనికిరాదు, పల్చగా అయిపోతుంది."

పల్చగా అయితే తాగచ్చు కదా అనిపించింది నాకు. పక్క పొయ్యి మీద పాలున్నాయి. టీ పెట్టే ఆయనను అడిగితే, "మొత్తం తీసుకుంటే జనం నన్ను కొడతారండీ" అంటూనే సగం ఇచ్చాడు. వేడి పాలు ఒక్కో గరిటె పోస్తూ కలిపాను. మొదట విరిగినట్టు కనబడింది, తర్వాత మెల్లగా నునుపెక్కింది. కట్టిన బెల్లం ఉండలు నాలుగు చిదిపి వేస్తే పప్పులు తేలాయి, వాటిని వడగట్టాం. ఇంత ఏలకుల పొడి, చిటికెడు శొంఠి. ఐవరీ కోస్ట్ అమ్మాయి నా చేతిలోంచి గరిటె తీసుకుంది. ఇక ఆమె కలుపుతూనే ఉంది, అడుగంటకుండా, చేయి మార్చకుండా. రుచి చూసి, "తాంతీ," అంది. అంతే అంది. కానీ కళ్ళు మెరిశాయి.

టీ కప్పుల్లో పోసి బల్ల మీద పెట్టాం. మొదట వచ్చినాయన కప్పులోకి చూసి, "ఏంటండీ, పండగపూట రాగిజావ పోస్తున్నారు?" అన్నాడు. రంగు అచ్చం అదే మరి.

"తాగి చూడు నాయనా, తర్వాత మాట్లాడు" అన్నాను.

తాగాడు. ఇంకో కప్పు తీసుకుని భార్యను కేకేశాడు. అంతే, మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. ఒకచోట నలుగురు గుమిగూడితే అక్కడేదో బాగుందని అందరూ అటే వస్తారు. పిల్లలు రెండోసారి వరసలో నిలబడ్డారు. నా పక్క బల్ల పాప వచ్చి, "అమ్మమ్మా, నాకు డబుల్ ఇవ్వు. మనం క్లాస్‌మేట్స్ కదా" అంది. డాక్టరు గారు కప్పు పట్టుకుని బోర్డు ముందు ఆగారు. పైకి చదివారు, అక్షరం అక్షరం స్పష్టంగా, వెనక ఉన్నవాళ్ళకు వినబడేలా. నేను రాసిన మాటలు ఇంకొకరి నోట్లోంచి రావడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ గర్వం ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి రాసేవాళ్ళకు తెలియకపోవచ్చు.

"ఏ ఆడవాళ్ళు?" అని ఎవరో అడిగారు.

నేను ఐవరీ కోస్ట్ అమ్మాయి వైపు చూశాను. వారం రోజులుగా ఆమెకు ఒక్క వాక్యం నేర్పాను. మా ఇంటికి వచ్చినప్పుడల్లా వల్లెవేసేది. ఆమె గుండెల మీద చెయ్యి పెట్టుకుని తెలుగులో చెప్పింది. "ఇది... మా అమ్మ... పండించింది."

చప్పట్లేమీ కొట్టలేదు ఎవరూ. ఒకామె ముందుకొచ్చి, "మీ అమ్మకి థ్యాంక్స్ చెప్పమ్మా" అంది. ఇంకొకాయన, "ఇండియాలో మా తోటలోనూ ఉంది ఈ చెట్టు. ఇన్నాళ్ళూ తాగనే లేదు" అన్నాడు. ఇంకొకామె, "ఆంటీ, ఇది పొడిలా దొరుకుతుందా? ఇండియా తీసుకెళ్తాను. మా అత్తయ్య పళ్ళు లేక చాక్లెట్ ముక్క నమల్లేదు, ఇది తాగుతుంది" అంది. దాంతో ఆమె వెనకున్నవాళ్ళందరికీ అత్తయ్యలూ మామయ్యలూ గుర్తొచ్చారు.

వరంగల్ అమ్మాయి గుంపును తోసుకుని నా దగ్గరకొచ్చింది. పెదవి మీద చాక్లెట్ మీసం. "ఆంటీ, గ్రూప్‌ల ఇప్పటికే మెసేజ్‌లు మొదలైనయ్. అందరు ఆర్డర్ ఎట్ల పెట్టాలని అడుగుతున్నరు. సంక్రాంతి సంచులల్ల ఇదే పెడదాం. ఇట్ల తాగే రకం ఆయన చేసిస్తడా?"

"చేసిస్తాడు" అన్నాను. చేస్తాడో లేదో నాకు తెలియదు. మా అమ్మాయి నన్ను మళ్ళీ గుర్రుగా చూసింది.

మర్నాడు పొద్దున్నే మేం ముగ్గురం ఆయన గది తలుపు తట్టాం. ఆయన కాఫీ కప్పుతో తలుపు తీశాడు. ఈసారి మా అమ్మాయిని మాట్లాడనివ్వలేదు. ఇంగ్లీషులో నేనే చెప్పాను. "పీపుల్ లైక్. పీపుల్ వాంట్. డ్రింకింగ్, నాట్ బార్. యూ ఆర్డర్ బీన్స్, సేమ్ విలేజ్." ఆయన నన్నూ, ఆర్డర్లు చూపిస్తున్న మా అమ్మాయి ఫోన్‌నూ చూసి, "యెస్ మ్యామ్" అన్నాడు. తాగే చాక్లెట్ చేయడం కష్టమేమీ కాదట. పాత గింజలు ఒక బస్తా మిగిలాయి, వాటితో మొదలుపెడదామన్నాడు. అక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని సంఘానికి ఆర్డర్ పంపాడు.

ఐవరీ కోస్ట్ అమ్మాయి వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం. సిమెంటు కళ్ళం మీద గింజలు ఎర్రగా ఆరుతున్నాయి. కూతురు వాళ్ళ భాషలో ఏదేదో గబగబా చెప్పింది. ఆవిడ వెనక్కి తిరిగి ఎవరినో పెద్దగా పిలిచింది. ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చి ఫోన్ చుట్టూ మూగారు. నేను తెలుగులోనే అన్నాను, "అమ్మా, మీ గింజలు మాకు కావాలి. బాగా ఎండబెట్టి పంపించండి." ఆవిడకు ఒక్క ముక్క కూడా తెలిసి ఉండదు. కానీ తలూపి, గుప్పెడు గింజలు ఎత్తి నాకు చూపించింది.

ఫోన్ పెట్టేశాక చాక్లెట్ ఆయన బస్తా విప్పి బల్ల మీద గింజలు పోశాడు. వేయించే ముందు పుచ్చినవీ, పగిలినవీ ఏరాలట. నేనూ ఆ అమ్మాయీ ఎదురెదురుగా కుర్చీలు లాక్కుని, ఏరడం మొదలుపెట్టాం.